కొండకు పోయేవాడి మూట: తథాగతుడు చూపిన కొలత



మన రొళ్ల, మడకశిర పల్లెల పిల్లలకు ఈ మధ్య ఒక కొత్త ముచ్చట పట్టుకుంది. సెలవు దొరికితే నలుగురైదుగురు కలిసి కొండకు పోయి, ఒక రాత్రి అక్కడే ఉండి వస్తామంటున్నారు. దీన్ని క్యాంపింగ్ అంటారు. తక్కువ సామానుతో, చుట్టుపక్కల దొరికిన వాటితో అడవిలో ఉండటం నేర్చుకునే విద్యను బుష్‌క్రాఫ్ట్ అంటారు. పున్నమి నాడు ఉపోసథం పాటించి, కొండ మీద కాసేపు ధ్యానంలో కూర్చుని వస్తే ఇంకా మంచిది. తథాగతుడు సంబోధి పొందింది చెట్టు కింద. మొదటి ధమ్మోపదేశం చేసింది జింకల వనంలో. పరినిర్వాణం చెందింది సాల వృక్షాల నడుమ. మన ధమ్మం ఆరుబయట పుట్టిన ధమ్మం.

అయితే ఈ ముచ్చట ఇంట్లోకి వచ్చేసరికి రెండు మాటలు వినబడుతున్నాయి. పిల్లలేమో "టెంటు కొనాలి, స్లీపింగ్ బ్యాగు కొనాలి, పెద్ద బ్యాగు కొనాలి, డబ్బు లేకపోతే ఈఎంఐ పెడదాం" అంటారు. పెద్దవాళ్లేమో "మా నాయన గతిలేక చేని గట్టు మీద పడుకున్నాడు. నువ్వు డబ్బు పెట్టి మరీ ఆరుబయట పడుకుంటావా?" అంటారు. ఈ రెండు మాటల్లోనూ నిజం ఉంది. రెండింటికీ ధమ్మంలో జవాబు కూడా ఉంది.

లేకపోవడం వేరు, వద్దనుకోవడం వేరు

ముందు పెద్దవాళ్ల మాట తీసుకుందాం. అది మన చరిత్ర నుంచి వచ్చిన మాట.

ఏ వస్తువు ఎవరి చేతిలో ఉండాలో కులం నిర్ణయించిన దేశం ఇది. 1935 నవంబరులో గుజరాత్‌లోని జాను అనే ఊళ్లో కొంచెం కలిగిన అంటరాని కుటుంబాల ఆడవాళ్లు లోహపు బిందెలతో నీళ్లు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. బిందె వాళ్లదే, డబ్బూ వాళ్లదే. అయినా సవర్ణులు దాన్ని తమకు అవమానంగా భావించి వాళ్లను కొట్టారు. బాబాసాహెబ్ 'కుల నిర్మూలన'లో ఈ సంగతి రాశారు. అంతకు ముందు, 1927 డిసెంబరులో మహాడ్‌లో ఆయన ఆడవాళ్లతో ప్రత్యేకంగా మాట్లాడారు. అంటరానితనానికి గుర్తుగా ఉన్న కట్టును, చేతులకూ కాళ్లకూ ఉన్న బరువు నగలను వదిలేయండి, అందరిలాగే శుభ్రంగా చీర కట్టుకోండి అని చెప్పారు. ఒంటి మీది వస్తువు కూడా ఆత్మగౌరవం సంగతేనని ఆయనకు తెలుసు.

అందుకే "తక్కువతో సరిపెట్టుకోండి" అని ఎవరైనా మనకు చెబితే వెంటనే తల ఊపకూడదు. ఎవరు చెబుతున్నారు, ఎందుకు చెబుతున్నారు అని అడగాలి. తథాగతుడు పేదరికాన్ని పొగడలేదు. పేదరికం దుఃఖానికి కారణమవుతుందనే చెప్పాడు. బాబాసాహెబ్ 'బుద్ధుడు, ఆయన ధమ్మం'లో ఈ విషయాన్ని నొక్కి చెప్పారు. లేనివాడు ఒక్క దుప్పటితో వణకడంలో త్యాగం లేదు, అది అన్యాయం. ఉన్నవాడు నాలుగు దుప్పట్లలో తనకు ఏది కావాలో చూసుకుని మిగతావి ఇంట్లో పెట్టి బయలుదేరితే అది వివేకం. బయటినుంచి చూస్తే ఇద్దరి మూటా ఒకేలా ఉంటుంది. కానీ మొదటివాడికి ఆ కొలతను ఇతరులు గీశారు, రెండోవాడు తనే గీసుకున్నాడు. కాబట్టి అయ్యా, అమ్మా, మీ బిడ్డ కొండ మీద పడుకుంటే మీ నాయన బతుకు తిరిగి వచ్చినట్టు కాదు. మీ నాయనకు దొరకని ఎంపిక మీ బిడ్డకు దొరికింది.

ఒక చలి రాత్రి జరిగిన పరీక్ష

ఇప్పుడు పిల్లల మాట. ఎంత సామాను కావాలి? వినయ పిటకంలో దీనికి చక్కటి సంఘటన ఉంది.

తథాగతుడు రాజగృహం నుంచి వైశాలికి నడిచి పోతున్నాడు. దారిలో కొందరు భిక్షువులు బట్టల మూటలు మోసుకుంటూ కనబడ్డారు. నెత్తిన ఒక మూట, భుజాన ఒక మూట, నడుముకు ఇంకొకటి. వీళ్లు ఇంత తొందరగా బట్టల మీద మోజులో పడ్డారే, దీనికి ఒక హద్దు పెట్టాలి అనుకున్నాడు. ఆ హద్దును ఊహించి చెప్పలేదు. తన ఒంటి మీదనే పరీక్ష చేశాడు.

వైశాలిలో గౌతమక చైత్యం దగ్గర, మంచు కురిసే చలికాలపు రాత్రి, ఒకే వస్త్రంతో ఆరుబయట కూర్చున్నాడు. మొదట చలి వేయలేదు. రాత్రిని మూడు భాగాలు చేస్తే, మొదటి భాగం అయ్యేసరికి చలి పెట్టింది. రెండో వస్త్రం కప్పుకున్నాడు. నడిరాత్రి భాగం అయ్యేసరికి మళ్లీ చలి. మూడోది కప్పుకున్నాడు. తెల్లవారే ముందు ఇంకా చలి వేసింది. నాలుగోది కప్పుకుంటే సరిపోయింది. చలికి తట్టుకోలేని సున్నితమైన శరీరం ఉన్నవాళ్లకు కూడా ఇది చాలు అని తేల్చుకుని, భిక్షువులకు మూడు చీవరాలు అనుమతించాడు. నడుముకు కట్టే అంతరవాసకం ఒక పొర. పైన కప్పే ఉత్తరాసంగం ఒక పొర. సంఘాటి మాత్రం రెండు పొరలు. వస్త్రాలు మూడే, పొరలు నాలుగు.

దీన్ని కాస్త నిదానంగా చూడండి. ఒళ్లు కష్టపెట్టుకోమని ఆయన చెప్పలేదు. ఆరేళ్లు ఒళ్లు మాడ్చుకుని, అందులో ఫలం లేదని తేల్చుకున్నవాడు ఆయన. చలి వేస్తే కప్పుకున్నాడు. చాలినప్పుడు ఆగాడు. అందులో బలహీనులను కూడా లెక్కలోకి తీసుకున్నాడు. మజ్ఝిమ పటిపద అంటే, మధ్యమ మార్గం అంటే, ఇంత సాదా సంగతి. ఎవరో చెప్పారని కాదు, నీ అనుభవంలో పరీక్షించి చూసుకో అన్న మాటను ఆయన బట్టల విషయంలోనూ పాటించాడు.

మన పిల్లలు చేయాల్సిందీ ఇదే. దుకాణానికి పోకముందు మిద్దె ఎక్కండి. డిసెంబరు రాత్రి ఒకటి మిద్దె మీద పడుకోండి. ఒక దుప్పటితో మొదలుపెట్టండి. ఎన్ని గంటలకు చలి పెట్టింది, ఇంకొకటి కప్పితే చాలిందా, కింద చాప చాలిందా అని చూసుకోండి. కప్పుకున్నదానికంటే కింద పరుచుకున్నదే ముఖ్యమని ఆ ఒక్క రాత్రిలో తెలిసిపోతుంది. ఒంటి వేడిని నేల లాగేస్తుంది. తప్పు జరిగినా మెట్లు దిగితే ఇల్లే కదా.

ఒక వస్తువు, పది పనులు

భిక్షువు సామాను ఎనిమిది. మూడు చీవరాలు, భిక్షాపాత్ర, మంగలి కత్తి, సూది, నడుము పట్టీ, నీళ్లు వడకట్టే గుడ్డ. వీటిని అట్ఠ పరిక్ఖారాలు అంటారు. వీటితోనే ధమ్మం అడవులు, నదులు దాటింది. మన సరిహద్దు దాటి చిత్రదుర్గం జిల్లా మొలకాల్మూరు వైపు పోతే బ్రహ్మగిరి దగ్గర బండ మీద అశోకుడి శాసనం నేటికీ ఉంది. రైలు, బస్సు లేని కాలంలో ఆ మాట ఇంత దూరం కాలినడకన వచ్చింది.

ఎనిమిదితో ఎలా గడిచింది? ఒక్కొక్కటీ చాలా పనులకు వచ్చింది. సంఘాటి కప్పుకుంటే చలికోటు. పావా నుంచి కుశినారకు పోయే దారిలో అలసిపోయిన తథాగతుడు దాన్నే నాలుగు మడతలు వేసి పరచమని ఆనందుడికి చెప్పాడు. అప్పుడు అదే పరుపు. వడకట్టే గుడ్డ దగ్గర లేకపోతే చీవరం చెంగుతో వడకట్టుకోవచ్చని వినయంలో ఉంది.

కోశాంబి రాజు ఉదయనుడి రాణులు ఆనందుడికి ఐదు వందల వస్త్రాలు దానం చేశారు. రాజుకు అనుమానం వచ్చింది, ఈయన బట్టల వ్యాపారం పెడతాడా ఏమని. వెళ్లి అడిగాడు. బట్టలు చినిగిన భిక్షువులకు పంచుతాను అన్నాడు ఆనందుడు. మరి పాతవి? పక్క మీద దుప్పట్లు అవుతాయి. ఆ పాత దుప్పట్లు? పరుపు గలీబులు. అవి పాతవైతే నేల మీద పరుచుకోవడానికి, తర్వాత కాళ్లు తుడుచుకోవడానికి, తర్వాత దుమ్ము దులపడానికి. చివరికి? ముక్కలు చేసి మట్టిలో కలిపి నేల మెత్తుతాము. రాజు సంతోషించి ఇంకో ఐదు వందలు ఇచ్చాడు. మన అవ్వలు పాత చీరతో బొంత కుట్టడం, బొంత చినిగితే మసిగుడ్డ చేయడం ఈ లెక్కే.

మన మూటలో ఏముండాలి

మొదటిసారి పోయేవాడికి ఈ కొద్ది సామాను చాలు. చాలావరకు ఇంట్లోనే ఉంటుంది.

కంబళి. మన గొర్రెల కాపరులు ఏళ్ల తరబడి పరీక్షించిన వస్తువు. పరుచుకోవచ్చు, కప్పుకోవచ్చు, గూడులా మడిచి తల మీద వేసుకుంటే చినుకులకు అడ్డం. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం నిలుపుతుంది, నిప్పురవ్వ పడితే నైలానులా కరిగిపోదు.

టార్పాలిన్ పట్ట. శనక్కాయలు ఆరబోసేదే. 8 అడుగులకు 10 అడుగులు ఉంటే ముగ్గురికి నీడ. గాలి వచ్చే వైపు కిందికి దించి కట్టండి. పది మీటర్ల తాడు తోడుంటే టెంటు పని అయిపోతుంది.

పెద్ద నూలు తుండు. తలపాగా, వడపోత, మూటకట్టు. చేయి విరిగితే మెడకు వేలాడదీసే కట్టు.

మూత ఉన్న స్టీలు గిన్నె ఒకటి. ఇదే మీ భిక్షాపాత్ర. నీళ్లు కాచుకోవడం, వండుకోవడం, తినడం అన్నీ దీంట్లోనే. రాగిపిండి, వేరుశనగలు, బెల్లం ఉంటే ఒక రాత్రి గడుస్తుంది.

గట్టి చాకు ఒకటి, సూదీ దారం, చేతికర్ర. సూది బట్టకూ పనికొస్తుంది, ముల్లుకూ పనికొస్తుంది. తుమ్మ ముళ్ల దేశం మనది.

వడపోత గురించి ఒక మాట. తథాగతుడు దాన్ని నీళ్లలోని చిన్న ప్రాణుల మీద కరుణతో పెట్టాడు. అది మన ప్రాణం కూడా కాపాడుతుంది. బంగ్లాదేశ్‌లో మత్లబ్ ప్రాంతపు పల్లెల్లో పాత నూలు చీరను నాలుగు మడతలు వేసి నీళ్లు వడకడితే కలరా దాదాపు సగం తగ్గిందని 2003లో పరిశోధకులు ప్రకటించారు. అయినా గుడ్డ అన్ని క్రిములనూ ఆపలేదు. వడకట్టాక తెర్లేదాకా కాచి తాగండి.

ఎక్కడ తగ్గించకూడదు

తక్కువ సామాను అంటే తెగింపు కాదు. నీళ్లు, టార్చిలైటు, బూట్లు, మందులు, ఈ నాలుగింటిలో పిసినారితనం వద్దు. మన ఎండకు మనిషికి రోజుకు 3, 4 లీటర్ల నీళ్లు కావాలి. చీకట్లో టార్చి లేకుండా అడుగు వేయవద్దు. పొద్దున బూట్లు దులిపి తొడుక్కోండి, తేళ్లు దూరుతాయి. పాము కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా తాడు బిగించడం, మంత్రం వేయించడం ఏదీ వద్దు. కరిచిన చోటు కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి పోవాలి. ఎండిన వంకలో పడుకోవద్దు, పైన ఎక్కడో కురిసిన వాన రాత్రికి రాత్రి వంకలోకి వస్తుంది. మన వైపు కొండల్లో ఎలుగుబంట్లు, చిరుతలు ఉన్నాయి. ఒంటరిగా పోవద్దు, తిండి పక్కలో పెట్టుకుని నిద్రపోవద్దు. రిజర్వు ఫారెస్టులో అనుమతి లేకుండా దిగడం, నిప్పు పెట్టడం చట్టరీత్యా నేరం. ముందే అడిగి పోండి.

ఇక అప్పు. గృహస్థులు ఆస్తి సంపాదించకూడదని తథాగతుడు ఎన్నడూ అనలేదు. అనాథపిండికుడికి గృహస్థుల సుఖాలు నాలుగు చెప్పాడు. సంపద కలిగి ఉండటం, దాన్ని అనుభవించడం, అప్పు లేకుండా ఉండటం, నింద లేని బతుకు బతకడం. అప్పు చేసి కొన్న టెంటులో మూడో సుఖం ఉండదు. నాలుగైదు సార్లు పోయి వచ్చాక, నిజంగా ఏది అవసరమో తెలిశాక, మీ సంపాదనతో మంచిది కొనుక్కోండి. అందులో తప్పేమీ లేదు. మనకు మంచి వస్తువు తగదు అనే కాలం పోయింది.

మూట మన ఒక్కరిదే కాదు

వినయంలోనే మరో సంఘటన. ఇద్దరు భిక్షువులు కోసల దేశంలో నడిచి పోతున్నారు. ఒకరు తప్పు చేస్తే మరొకరు ఇది తగదన్నారు. మొదటాయన మనసులో కక్ష పెట్టుకున్నాడు. తర్వాత రెండో ఆయనకు దాహమై వడపోత గుడ్డ అడిగితే ఇవ్వలేదు. నీళ్ల పక్కనే ఉండి, దాహంతో ఆ భిక్షువు ప్రాణం విడిచాడు. అప్పుడు తథాగతుడు, దారిలో తోటివాడు అడిగితే వడపోత ఇవ్వకుండా ఉండకూడదు, అది లేకుండా ప్రయాణం పెట్టుకోకూడదు అని నియమం చేశాడు.

ఒక చిన్న గుడ్డ ముక్క. దాన్ని పట్టుకుని కూర్చుంటే ఒక ప్రాణం పోయింది. నీళ్లను ఆపి మనుషులను చంపడం మనకు తెలిసిన కథే. ఆ నీళ్ల కోసమే బాబాసాహెబ్ 1927 మార్చి 20న మహాడ్ చవదార్ చెరువుకు నడిచారు. కాబట్టి కొండ మీద మన బిడ్డల మధ్య ఒక నియమం ఉండాలి. వస్తువులు విడివిడిగా మోసినా, అవసరం వచ్చినప్పుడు అవి అందరివి. నీళ్లు ముందు దాహమైనవాడికి, కంబళి ముందు చలి పెట్టినవాడికి.

పంచశీల ఇంట్లో వదిలి పోయేది కాదు. చాకు ఉంది కదా అని కుందేళ్ల మీద, కౌజుల మీద చేయి వేయవద్దు. పచ్చి చెట్టు నరకవద్దు, రాలిన పుల్లలు చాలు. సీసా మూటలో ఉండకూడదు. 22 ప్రతిజ్ఞలలో మత్తు ముట్టనని మాట ఇచ్చినవాళ్లం. వచ్చేటప్పుడు నిప్పు మీద నీళ్లు పోసి, చేత్తో తాకి చూసి, చెత్తంతా మూటలో తిరిగి తెచ్చుకోండి.

చివరగా తెప్ప ఉపమానం గుర్తు చేసుకోండి. ఏరు దాటాల్సినవాడు గడ్డి, పుల్లలు, కొమ్మలు ఏరి తెప్ప కట్టుకున్నాడు, దాటాడు. దాటాక దాన్ని నెత్తిన మోసుకుని పోతే తెలివైనవాడా అని తథాగతుడు అడిగాడు. ధమ్మాన్నే అలా పట్టుకోమన్నవాడు, సామాను గురించి వేరే చెప్పాలా? ఉన్నదానితో కట్టుకో, పని చేయించుకో, బరువైనచోట దించు.

ఈ పున్నమికి బయలుదేరే ముందు మూట విప్పి ఒక్కో వస్తువునూ చేతిలోకి తీసుకోండి. ఇది ఏ పనికి? ఇంకే పనికి? ఇది లేకపోతే ఎవరికి ఇబ్బంది? మూడు ప్రశ్నలకూ జవాబు చెప్పలేని వస్తువు మన గొప్ప కోసం మోస్తున్నది. దాన్ని ఇంట్లో పెట్టి, ఆ జాగాలో ఇంకో లీటరు నీళ్లు పెట్టుకోండి.

అందరికీ మంగళం కలుగుగాక.

నమో బుద్ధాయ. జై భీమ్.