చేసిపెట్టుట ప్రేమయేనా?

తన పనిని తాను చేసికొనుట బిడ్డ ఎప్పుడు నేర్వవలెను? "బడికి పోయిన పిమ్మట అదియే వచ్చును" అని పెద్దలు పలువురు చెప్పుదురు. అక్షరముల విషయమున ఆ మాట చెల్లవచ్చును గాని ఈ విద్య విషయమున చెల్లదు. 2020 నాటి జాతీయ విద్యా విధానము మూడేండ్లు మొదలు ఆరేండ్ల వరకు గల వయస్సును అంగన్‌వాడీకి లేదా పూర్వ ప్రాథమిక విద్యకు కేటాయించినది. అనగా తల్లి కంటికి దూరముగా గడపవలసిన మొదటి దినము బిడ్డకు మూడేండ్లకే రావచ్చును. ఆ దినమున పలక బలపములకంటె ముందు కావలసినవి వేరే కలవు. దాహమైనప్పుడు నీరు త్రాగుట, మూత్రమునకు పోవలెనని చెప్పగలుగుట, అన్నపు డబ్బా మూత తీయుట, చెప్పులు తొడుగుకొనుట, నొప్పి ఎక్కడనో చూపుట అట్టివి.

ఇవి చిన్న విషయములని త్రోసివేయరాదు. బడిలో ఒక్క ఆయా పలువురు బిడ్డలను చూడవలసియుండును. అడుగుట తెలియక లాగు తడుపుకొన్న బిడ్డను తోటివారు చూచి నవ్వినచో, ఆ సిగ్గు లేత మనస్సును గాయపరచును. మరునాడు బడికి పోనని మారాము చేసిన, పెద్దలు దానిని చదువుపై విముఖతగా భావింతురు. ఆ భయము అక్షరములవలన పుట్టినది కాదు. తన దేహమును తాను చక్కబెట్టుకొనలేని నిస్సహాయతవలన పుట్టినది.

అయినచో తల్లిదండ్రులు బిడ్డకు చేసిపెట్టుట తప్పా? ఇచట ఒక భేదమును గుర్తింపవలెను. బిడ్డ చేయలేని దానిని చేసిపెట్టుట పోషణము. బిడ్డ చేయగల దానిని, మెల్లగా చేయునన్న కారణమున, మనమే చేసివేయుట వేరు. ఉదయమున "నేనే వేసుకుంటాను" అని చొక్కా పట్టుకొన్న బిడ్డ చేతినుండి దానిని లాగి తొడుగునప్పుడు అందు ప్రేమ కొంత, తొందర అధికము. ఆ క్షణమున మిగిలినది ఐదు నిమిషముల కాలము. పోయినది "నేను చేయగలను" అను విశ్వాసము.

ఇటలీ దేశపు వైద్యురాలు మరియా మాంటిస్సోరి 1907లో రోము నగరమున పేదల పేటలో శిశుగృహమును ప్రారంభించినప్పుడు ఈ సత్యమునకే ప్రాధాన్యమిచ్చినది. గుండీలు పెట్టుట, నీరు ఒంపుట, బల్ల తుడుచుట ఆమె పద్ధతిలో పాఠములే. 1939లో ఆమె మద్రాసునకు వచ్చి మన దేశమున ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చినది. అంతకు ముందే, 1920లో, గిజుభాయి బధేకా గుజరాతు ప్రాంతమందలి భావనగరమున బాలమందిరమును నెలకొల్పి, బిడ్డను గౌరవింపదగిన వ్యక్తిగా చూడవలెనని బోధించెను.

శరణుల సంప్రదాయమున పెరిగినవారికి ఈ భావము క్రొత్తది కాదు. ఇష్టలింగమును తన కరస్థలమున నుంచుకొని భక్తుడు తన పూజను తానే చేసికొనును. తనకు బదులుగా వేరొకరిచే చేయించడు. కాయకమునకు హెచ్చుతగ్గులు లేవని పెద్దలు చెప్పుదురు. కాని తిన్న పళ్లెమును వేరొకరు తీయుటయే ప్రతిదినము చూచిన బిడ్డ, ఆ పని తనకు తగినది కాదనియే నేర్చుకొనును. ఇంటిలో ఆడబిడ్డచే పళ్లెము తీయించి, మగబిడ్డకు తెచ్చియిచ్చుట అలవాటైనచో, సమానత్వమును గూర్చి మనము చేయు ఉపన్యాసములకంటె ఆ పళ్లెమే గట్టిగా బోధించును.

అవ్వ పెట్టు గోరుముద్దలను మానవలెనా అని కొందరికి శంక కలుగవచ్చును. మాననక్కరలేదు. గోరుముద్ద అన్నముతోపాటు ఆప్యాయతను ఇచ్చును. ఒక పూట అవ్వ చేతి ముద్ద, ఒక పూట తన చేతి ముద్ద అయినచో రెండును దక్కును. జ్వరముతో నున్న బిడ్డకు, నిద్ర ముంచుకొని వచ్చిన బిడ్డకు, అంగవైకల్యము గల బిడ్డకు తగిన తోడ్పాటు ఇవ్వవలసినదే. స్వావలంబనము అనగా ఒంటరితనము కాదు. తనకు చేతకాని చోట సహాయము అడుగుటయు అందు భాగమే.

నేర్పుటకు ఓర్పు ముఖ్యము. పనిని ముక్కలుగా విభజించి చివరి ముక్కను బిడ్డకు వదలవలెను. గుండీని సగము కాజాలోనికి దూర్చి, మిగిలిన సగమును బిడ్డను లాగుకొనుమనవలెను. అది వచ్చిన పిమ్మట దూర్చుట నేర్పవలెను. చిన్న చెంబులో సగమే నీరు పోసి గ్లాసులోనికి ఒంపుకొననీయవలెను. ఒలికినచో కసరక తుడుచుటకు గుడ్డ చేతికీయవలెను. చెప్పుల లోపలి అంచులకు ఒక్కొక్క చుక్క పెట్టినచో, రెండు చుక్కలు ప్రక్కప్రక్కన ఉన్నప్పుడు సరియని బిడ్డయే తెలిసికొనును. డబ్బా మూత తీయుటను సెలవు దినమున ఇంటనే అభ్యసింపజేయవలెను. బడి తెరచుటకు వారము ముందు కాక కొన్ని నెలల ముందే, తీరిక గల వేళలందు, ఒక్కొక్క పనిని ఆరంభించుట మేలు.

ఇది తల్లి ఒక్కతె భారము కాదు; తండ్రియు, అవ్వాతాతలును ఒకే మాటపై నిలువవలెను. పసిబిడ్డలకు విద్య గరపు మఠములును తమ పాఠశాలలలో కుళాయి బిడ్డకు అందుచున్నదా, మరుగుదొడ్డి గడియ చిన్న చేతికి వచ్చుచున్నదా, సంచి తగిలించు కొక్కెము తగిన ఎత్తున నున్నదా అని ఒకసారి పరిశీలింపవలెను. అందని కుళాయి ఎదుట నిలిచిన బిడ్డకు స్వావలంబనమును బోధించి ఫలము లేదు.

బిడ్డ తొడుగుకొన్న చొక్కా గుండీలు వంకరగా నుండవచ్చును. వీధిలోని వారు చూచి నవ్వుదురేమో యని వానిని విప్పి మరల పెట్టకుండుటకు పెద్దలకు కొంత నిగ్రహము కావలెను. ఆ నిగ్రహమును కూడ ప్రేమ యనియే తెలియవలెను.