స్వభావమా? రుగ్మతయా?

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదని లోకమున ఒక సామెత కలదు. కోపిష్ఠిని, అనుమానపు మనిషిని, ఎవరితోను పొసగని వానిని చూచి పెద్దలు ఈ మాటయే చెప్పి ఊరకుందురు. జ్వరము వచ్చిన వానియెడ జాలిపడు లోకము, స్వభావము చెడిన వానిని నిందించును. అయితే స్వభావమే ఒక బాధగా పరిణమించినపుడు దానిని దోషమనవలెనా, రోగమనవలెనా? అట్టివాడు నిందార్హుడా, దయార్హుడా? ఇది వైద్యులకే గాక, ధర్మము నాలోచించు వారందరికిని ఎదురగు ప్రశ్న.

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. ఫ్రెంచి వైద్యుడు ఫిలిప్ పినెల్ 1801లో ప్రకటించిన గ్రంథమున, బుద్ధి చెదరకయే ఉద్రేకములు అదుపు తప్పిన రోగులను వర్ణించెను. 1835లో ఇంగ్లండు వైద్యుడు ప్రిచర్డ్ ఇట్టి స్థితికి ‘నైతికోన్మాదము’ అను అర్థమిచ్చు పేరు పెట్టెను. ఆ పదమునకు ఆనాడు మనోభావములకు సంబంధించినదను అర్థము కూడ ఉన్నను, లోకము దానిని నీతికే అన్వయించుకొనెను. 1923లో జర్మను వైద్యుడు కర్ట్ ష్నైడర్, తమ స్వభావ వైపరీత్యముచే తాము బాధపడువారు, లేదా సంఘమును బాధపెట్టువారు అని వీరిని నిర్వచించెను. తాము బాధపడుదురన్న మాటను అతడు విస్మరింపకపోవుట గమనింపదగినది.

నేడు వైద్యులు వ్యక్తిత్వ రుగ్మతయని పిలుచునది ఇట్టి స్థితినే. ఇతర మానసిక వ్యాధులకును దీనికిని గల భేదము తరచు కుటుంబము వారి మాటలలోనే తెలియును. స్కిజోఫ్రీనియా గాని, తీవ్రమైన క్రుంగుబాటు గాని వచ్చినపుడు “మావాడు మునుపు ఇట్లుండెడివాడు కాడు” అందురు. వ్యక్తిత్వ రుగ్మత విషయమున “మొదటినుండియు ఇంతే” అందురు. అది కౌమారమునుండియో, తొలి యౌవనమునుండియో అల్లుకొనివచ్చిన ఆలోచనా రీతి, పరులతో మెలగు రీతి. ఇంటను, పనిచోటను, స్నేహములందును అదే తీరున కనిపించి బ్రతుకునకు అడ్డుతగులును.

బైపోలార్ వ్యాధిలో ఉద్రేకము గాని, క్రుంగుబాటు గాని దినములు, వారములు నిలుచును. బార్డర్‌లైన్ అనబడు వ్యక్తిత్వ రుగ్మతలో ఒక్క మాట తూలినంతనే, ఆత్మీయులు విడిచిపోదురను భయముచే, మనస్సు గంటలలోనే తలక్రిందులగును. ఓ.సి.డి. గలవాడు పదేపదే చేతులు కడుగుకొనుచు, అది అనవసరమని సాధారణముగా తానే ఎరిగి వగచును. దాదాపు అదే పేరుగల వ్యక్తిత్వ రుగ్మతలో మనిషి తన అతి క్రమమే సరియైనదనియు, లోపము ఇతరులదేయనియు తలచును. ఒకే మనిషియందు ఈ రెండు తెగల బాధలును కలిసియుండవచ్చును. కావున నిర్ణయము వైద్యుడే చేయవలెను.

అమెరికా మనోవైద్యులు 1980లో ఈ రుగ్మతలను ప్రత్యేక శ్రేణిగా విడదీసిరి. 2013లో ఆ శ్రేణిని తొలగించి, పది రకములను మాత్రము నిలిపిరి. 2022లో అమలులోనికి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణము రకముల పేర్లను చాలవరకు విడిచి, స్వల్పము, మధ్యమము, తీవ్రము అని తీవ్రతను కొలుచుచున్నది. అనగా సామాన్య స్వభావమునకును రుగ్మతకును నడుమ గోడ లేదు, మెట్లు కలవు. గిట్టని వానికెల్ల ఈ పేరు తగిలించుట అన్యాయము.

ఇక ధర్మవిచారము. స్వభావమును ఎవరును కోరి తెచ్చుకొనరు. వంశపారంపర్యము కొంతయు, బాల్యమున కలిగిన హింస, నిరాదరణ కొంతయు దానికి తోడగును. తా నెన్నుకొనని దానికై మనిషిని నిందించుట తగదు. అట్లని వాని చేతలకు బాధ్యతయే లేదనుటయు తగదు; అట్లనుట వానికి మారగల శక్తి లేదనుటయే యగును. భార్యను కొట్టినవాడు రుగ్మత గలవాడైనను ఆమె బాధ బాధయే, ఆమెకు రక్షణ కావలసినదే. వానిని అసహ్యించుకొనకయే వాని చేతిని ఆపవచ్చును.

తనను తాను గాయపరచుకొనిన యువతిని చూచి, ఇంటివారు కొందరు “అంతయు నటన” అని కొట్టివేయుదురు. బార్డర్‌లైన్ రుగ్మత గలవారిలో ఆత్మహత్యలు సామాన్య జనములో కన్న మిక్కిలి అధికము. ఆ తేలికమాట ఒక ప్రాణమునకు ముప్పు కావచ్చును.

అమెరికాలో మార్షా లినెహాన్ అను మనస్తత్వవేత్త ఇట్టివారికై ఒక చికిత్సను రూపొందించి, 1993లో గ్రంథస్థము చేసెను. ఉన్న స్థితిని అంగీకరించుట, మారుటకు సాధన చేయుట అను రెండును అందు జంటగా నడచును. తాను కూడ యౌవనారంభమున మానసిక వైద్యశాలలో ఉండి, తనను తాను గాయపరచుకొనిన దాననేయని ఆమె 2011లో లోకమునకు వెల్లడించెను. ఏండ్ల తరబడి పరిశీలింపబడిన బార్డర్‌లైన్ రోగులలో అధికులకు లక్షణములు తగ్గుటయు వైద్యులు చూచిరి.

కావున ఆ సామెతను తుదితీర్పుగా గైకొనరాదు. బుద్ధి పుడకలవరకు మారదని ముందే తీర్మానించిన ఇంట మారదలచిన వానికి చోటు దొరకదు. వానిని క్షమించుటకన్న ముందు, వాడు మారగలడని నమ్ముట ఇంటివారి మొదటి ధర్మము.