దేహానికీ ఒక దీక్ష

శివరాత్రి వచ్చిందంటే నర్సీపట్నం పక్కనున్న బలిఘట్టం జనంతో నిండిపోతుంది. అక్కడ వరాహ నది ఉత్తరవాహిని. ఆ నీట మునిగి, బ్రహ్మలింగేశ్వరుణ్ణి దర్శించుకుని, పగలు ఉపవాసం, రాత్రి జాగారం ఉంటారు భక్తులు. నోరు కట్టుకోవడం, మనసును ఒకచోట నిలపడం మనకు చేతకాని పనేమీ కాదని ఆ ఒక్కరోజు చాటి చెబుతుంది. ఆ నిగ్రహంలో పిసరంత మిగతా రోజులకూ దక్కితే దేహం ఎంత సుఖపడుతుందో!

దేహం లోపల కూడా అలాంటి నిగ్రహమే కావాలి. కాలిలో ముల్లు దిగితే ఆ చోటు ఎర్రబడుతుంది, వాస్తుంది, వేడెక్కుతుంది, సలుపుతుంది. తెల్లరక్తకణాలు అక్కడికి చేరి మనకోసం పోరాడుతున్నాయనడానికి అవే గుర్తులు. డాక్టర్లు దీన్నే ఇన్‌ఫ్లమేషన్ అంటారు. ఇది పొయ్యిలో నిప్పు లాంటిది. పొయ్యిలో ఉన్నంతవరకు అన్నం వండిపెడుతుంది, చూరుకు పాకితే ఇల్లు కాలుస్తుంది. నిద్రలేమి, పొగాకు, ఊబకాయం, తీరని ఆందోళన ఈ మంటను ఏళ్ల తరబడి లోలోపల రాజేస్తుంటాయి. మధుమేహానికీ గుండెజబ్బుకూ దీనితో సంబంధం ఉంది. అవసరం వచ్చినప్పుడు లేవడం, పని తీరాక శాంతించడం, ఈ రెండూ తెలిసినదే మంచి రోగనిరోధక శక్తి. కోపం గురించి పెద్దలు మనకు చెప్పేదీ ఇదే కదా!

పతంజలి మహర్షి యోగసూత్రాల్లో ఐదు నియమాలు చెప్పారు. శౌచం, సంతోషం, తపస్సు, స్వాధ్యాయం, ఈశ్వరప్రణిధానం. మోక్షం కోరే సాధకుడికి చెప్పినవే అయినా, ఇల్లూ సంసారం ఉన్నవాళ్లకు ఇవి దేహాన్ని కాపాడుకునే దారులు కూడా.

శౌచం స్నానంతో అయిపోదు. భగవన్నామం పలికే నోరు శుభ్రంగా ఉండాలి. చిగుళ్ల వాపును నిర్లక్ష్యం చేస్తే ఆ మంట నోటితోనే ఆగదు. మన ఉత్తరాంధ్ర పల్లెల్లో చుట్ట వెలిగించిన కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ ఇంకా ఉంది. ఎక్కువగా పెద్ద వయసు ఆడవాళ్లదే ఈ అలవాటు. ఆ వేడికీ పొగకూ అంగిట్లో మచ్చలు, పుండ్లు పడి, కేన్సర్‌కు దారితీస్తాయి. తులసి కోట ముందు దీపం పెట్టే తల్లి ఆ చుట్ట మానేస్తే, అంతకు మించిన శౌచం లేదు.

తపస్సు అంటే అడవికి పోనక్కర్లేదు, విస్తరి ముందు కూర్చున్నప్పుడు చేసినా తపస్సే. ఆకలి తీరగానే చెయ్యి కడుక్కోవడం, రాత్రి భోజనం పెందలాడే ముగించడం అందులో మొదటి మెట్లు. మన చోడి (రాగి) అంబలి, పప్పులు, ఆకుకూరల్లోని పీచు పేగుల్లో మేలుచేసే సూక్ష్మజీవులకు ఆహారం. చింతపల్లి, పాడేరు కొండల్లో పసుపు పండుతుంది, కాఫీ తోటల చెట్లకు మిరియాల తీగ అల్లుకుంటుంది. పసుపులోని కర్క్యుమిన్ ఒంటికి అంత తేలిగ్గా పట్టదు. మిరియాల్లోని పైపరిన్ తోడైతే అది రక్తంలోకి ఎన్నో రెట్లు ఎక్కువగా చేరుతుందని బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు 1998లో చూపించారు. ఇంటి చారులో ఆ రెండూ ఎప్పటినుంచో కలిసే మరుగుతున్నాయి. అలాగని పసుపు మాత్రలు కొని మింగేయకూడదు. మోతాదు మించితే కాలేయం దెబ్బతిన్న సందర్భాలున్నాయి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు డాక్టర్ని అడగందే వాటి జోలికి పోకూడదు. అనకాపల్లి బెల్లం ఎంత కమ్మనిదైనా మధుమేహం ఉన్నవాళ్లకు అదీ పంచదార లెక్కే.

సంతోషం కూడా ఒక సాధనే. పగనూ దిగులునూ మోసే మనసు దేహాన్ని నిత్యం యుద్ధానికి సిద్ధంగా ఉంచుతుంది. ఆ అలసటలో రోగనిరోధక వ్యవస్థ అదుపు తప్పుతుంది. పొద్దున్నే కాసేపు నడక, నెమ్మదిగా పది నిమిషాల ప్రాణాయామం, సాయంత్రం నలుగురితో కలిసి భజన, వీటితో గుండె తేలికపడుతుంది.

స్వాధ్యాయమంటే శాస్త్రం చదవడంతోపాటు మనల్ని మనం చదువుకోవడం. బీపీ, షుగర్ ఎంతున్నాయో తెలుసుకోవడం అందులో భాగమే. మన నర్సీపట్నం ఏజెన్సీ కొండల అంచున ఉన్న ఊరు. చలిజ్వరం వస్తే కషాయం తాగి కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్లి మలేరియాకు రక్తపరీక్ష చేయించుకోవాలి. వైద్యుడి దగ్గరికి వెళ్లడం దేవుడి మీద నమ్మకం తగ్గడం కాదు.

ఇక చివరిది ఈశ్వరప్రణిధానం, అంటే భారమంతా ఆయనకు అప్పగించడం. రోజూ ఆ పని మనం చేయాల్సింది నిద్రలో. అమెరికాలో 153 మంది ఆరోగ్యవంతుల ముక్కులో జలుబు వైరస్ చుక్కలు వేసి చూసిన ఒక అధ్యయనం 2009లో వెలువడింది. ఎనిమిది గంటలు, ఆపైన నిద్రపోయేవాళ్లకంటే ఏడు గంటల్లోపు నిద్రపోయేవాళ్లకు జలుబు పట్టే అవకాశం దాదాపు మూడు రెట్లు ఉన్నట్టు అందులో తేలింది. శివరాత్రి జాగారం ఏడాదికోసారి చేసే వ్రతం. ఫోను పట్టుకుని రోజూ చేసే జాగారానికి ఏ దేవుడూ ఫలమివ్వడు. నా వంతు చేశాను, మిగిలింది నీదే స్వామీ అని దీపం తగ్గించి కళ్లు మూయడం కూడా ప్రార్థనే.

ఐదు నియమాలూ ఒక్కసారే పట్టుకోనక్కర్లేదు. అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు ఎంత నిష్ఠగా ఉంటామో, అదే నిష్ఠతో ఒక్కదాన్ని పట్టుకుందాం. రాత్రి పదింటికి పడుకోవడం కావచ్చు, చుట్ట మానడం కావచ్చు, ఒక ముద్ద తక్కువ తినడం కావచ్చు. మండలం పూర్తయిన రోజు మాల తీసేస్తాం, ఈ నియమాన్ని మాత్రం అట్టే పెట్టుకుందాం.