బయట తిందామా?

2021 జూన్ 20 నుంచి తెలంగాణలో కరోనా లాక్‌డౌన్ పూర్తిగా ఎత్తేశారు. హైదరాబాద్‌లోని హఫీజ్‌పేట్‌లో టిఫిన్ బండ్ల పెనాలు మళ్లీ వేడెక్కాయి. ఆదివారం బయట తిందామా అని అప్పట్లో ఇంటింటా అదే చర్చ. పిల్లలు పదమన్నారు, పెద్దలు వద్దన్నారు.

ఆ ఏడాది ఏప్రిల్, మే నెలల్లో ఆక్సిజన్ సిలిండర్ కోసం పరుగులు తీసిన ఇళ్లలో ఆ భయం అంత తేలిగ్గా పోలేదు. పోవాలనీ నేను అనలేదు. 2020 జనవరిలో చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒక రెస్టారెంట్‌లో పక్కపక్క బల్లల దగ్గర తిన్న మూడు కుటుంబాల్లో 10 మందికి కరోనా తేలింది. కిటికీల్లేని గది, ఏసీ గాలి ఆ బల్లల మధ్యే తిరిగింది. అందుకే అప్పుడు నా మొగ్గు తలుపులు బిగించిన హాలు వైపు కాదు, గాలాడే బండి వైపే.

ఐటీ ఉద్యోగులు చాలామంది అప్పటికింకా ఇంటి నుంచే పనిచేస్తున్నారు. వాళ్లనే నమ్ముకున్న చిన్న హోటళ్లలో రాత్రి రుబ్బిన పిండి మధ్యాహ్నానికి పులిసిపోయేది. అది నన్ను నిజంగా బాధించింది. టీకా వేయించుకున్నవాళ్లను రద్దీ లేనప్పుడు, పొద్దున్నే వెళ్లి నిలబడి తినిరమ్మన్నాను. ఇంట్లో టీకా పడని పెద్దవాళ్లుంటే మాస్కు తీయకుండా పార్సిల్ కట్టించుకోమన్నాను. ఆ హోటళ్ల గల్లాపెట్టెల్లో నాలుగు డబ్బులు పడతాయని.