చిటికెడు తీపి – కొలత అనే అమానత్

గత రంజాన్‌లో మా ముందుకు రెండు ప్రశ్నలు వచ్చాయి. జనగామలో షర్బత్ బండి నడుపుకునే ఒక సోదరుడు తరావీహ్ తర్వాత మమ్మల్ని పక్కకు పిలిచి, "మౌలానా, చక్కెరకు చాలా ఖర్చవుతోంది. కొంత చక్కెర తగ్గించి శాక్రిన్ వేస్తున్నాను. ఎవరికీ హాని లేదంటున్నారు కదా, చెప్పకపోతే తప్పేముంది?" అని అడిగాడు. భూపాలపల్లి నుంచి ఒక సోదరి ఫోను చేసి, "అబ్బాకు షుగర్ ఉంది. చాయ్‌లో తీపి మాత్రలు వేస్తున్నాం. వాటివల్ల క్యాన్సర్ వస్తుందని ఫోన్లలో మెసేజ్‌లు తిరుగుతున్నాయి. అవి హరామా?" అని అడిగింది.

ఒకరిది ధీమా, మరొకరిది భయం. ఆలోచిస్తే రెండింటిలోనూ లోపం ఒకటే. ఇద్దరూ కొలతను మరిచారు.

ముందు భయం సంగతి చూద్దాం. శాక్రిన్‌ను 1879లో కనుగొన్నారు. అది చక్కెర కంటే సుమారు 300 రెట్లు తీపి. ఎలుకలపై జరిపిన పరీక్షల్లో మూత్రాశయ క్యాన్సర్ కనిపించడంతో 1977లో అమెరికా ప్రభుత్వం దాన్ని నిషేధించాలని ప్రతిపాదించింది. ఎలుకల్లో ఆ హాని జరిగే తీరు మనుషులకు వర్తించదని తర్వాత తేలింది. 2000లో అక్కడి క్యాన్సర్ కారకాల జాబితా నుంచి దాన్ని తొలగించారు. తీపి మాత్రల్లో వాడే అస్పర్టేమ్‌ను 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 'క్యాన్సర్ కారకం కావచ్చు' అనే వర్గంలో చేర్చింది. మెసేజ్‌లు ఇంతవరకే చెబుతాయి. అదే సమయంలో ఆహార, ఆరోగ్య సంస్థల ఉమ్మడి నిపుణుల సంఘం ఆధారాలన్నీ పరిశీలించి, రోజుకు కిలో శరీర బరువుకు 40 మిల్లీగ్రాముల పాత హద్దునే కొనసాగించింది. అంటే 60 కిలోల మనిషికి రోజుకు 2,400 మిల్లీగ్రాములు.

నిషిద్ధమని రుజువు కానంతవరకు వస్తువులు ధర్మసమ్మతమేనన్నది ఫిఖహ్ పండితుల ప్రసిద్ధ సూత్రం. అనుమానం వల్ల నిశ్చయం తొలగిపోదన్నది మరో సూత్రం. ఇది హలాల్, ఇది హరామ్ అని నోటికి వచ్చినట్టు చెప్పడాన్ని దివ్య ఖుర్ఆన్ (అన్-నహ్ల్: 116) గట్టిగా వారించింది. అనుమానం ఉన్నవాడు తాను మానుకోవచ్చు, అది పరహేజ్. కాని తన అనుమానాన్ని లోకమంతటికీ ఫత్వాగా మార్చే హక్కు అతనికి లేదు.

ఇక ధీమా సంగతి. 'హాని లేదు' అనే మాట వెనుక ఒక షరతు ఉంది. శాక్రిన్‌కు ఆ నిపుణుల సంఘం పెట్టిన హద్దు రోజుకు కిలో బరువుకు 5 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి అది 300 మిల్లీగ్రాములు, 15 కిలోల పిల్లవాడికి 75 మాత్రమే. ఒకరోజు హద్దు దాటగానే జబ్బు వస్తుందని కాదు, ఆ హద్దులోనే చాలా జాగ్రత్త కలిపి ఉంటుంది. కాని బకెట్ షర్బత్‌లో వేళ్లకు వచ్చినంత పొడి వేసేవాడికి ఏ గ్లాసులో ఎంత పడిందో ఎలా తెలుస్తుంది? ఆ గ్లాసు పెద్దవాడు తాగుతాడో, పసివాడు తాగుతాడో ఎలా తెలుస్తుంది? కొలవకుండానే 'హాని లేదు' అనడం తెలియని విషయానికి సాక్ష్యం పలకడమే.

మహబూబాబాద్ మార్కెట్‌కు మిర్చి తెచ్చిన రైతు కాంటా ముల్లు మీది నుంచి చూపు తిప్పడు. అక్కడ తగ్గేది రూపాయలు. గ్లాసులో పోయేది మనిషి ఒంట్లోకి పోతుంది. తూకంలో మోసం చేసేవారిని అల్-ముతఫ్ఫిఫీన్ సూరా మొదట్లోనే అల్లాహ్ హెచ్చరించాడు. ఆ హెచ్చరిక ధాన్యం కాంటాతోనే ఆగిపోతుందా?

మరొక సంగతి ఉంది. కొనేవాడు చక్కెర షర్బత్ అనుకుని డబ్బు ఇస్తున్నాడు. చక్కెర డబ్బు తీసుకుని మరొకటి ఇవ్వడం, అది విషం కాకపోయినా, ధోకాయే. దైవప్రవక్త (స) బజారులో ఒక ధాన్యపు రాశిలోకి చేయి పెట్టి చూస్తే లోపల తడి తగిలిందని, వర్షానికి తడిసిందని వర్తకుడు చెప్పగా, జనం చూసేలా దాన్ని పైన ఎందుకు పెట్టలేదని ఆయన అడిగారని, మోసగించేవాడు తన వాడు కాడని హెచ్చరించారని హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖనం తెలుపుతోంది. గమనించండి! తడిసిన ధాన్యం విషం కాదు. దోషం తడిలో లేదు, దాచడంలో ఉంది.

కృత్రిమ తీపి కలిపితే ప్యాకెట్ మీద రాయాలని మన దేశ చట్టం చెబుతోంది. అది కూడా అనుమతించిన పదార్థాల్లో, అనుమతించిన మోతాదులోనే కలపాలి. పుట్టుకతోనే ఫినైల్‌కీటోన్యూరియా అనే అరుదైన జబ్బు ఉన్న పిల్లలకు అస్పర్టేమ్ కీడు చేస్తుంది. ఆ తల్లికి చెప్పకపోతే బిడ్డను ఎలా కాపాడుకుంటుంది? బండి షర్బత్‌కు లేబులు ఉండదు. అమ్మేవాడి నాలుకే దాని లేబులు.

అందుకే ఆ సోదరునితో ఇలా అన్నాము: "భాయ్, చిటికెలతో వేసే ఆ పొడి మానెయ్యి. చక్కెరతోనే చెయ్యి. గిట్టకపోతే గ్లాసుకు రూపాయి పెంచు, లేదా తీపి తగ్గించి ఆ మాట చెప్పి అమ్ము. తక్కువ లాభంలో ఉన్న బర్కత్ దాచిన లాభంలో ఉండదు." ఆయన చాలాసేపు మౌనంగా ఉండి, "కొనేవాళ్లు తగ్గితే?" అన్నాడు. ఆ భయం నిజమే. అది ఆయన పిల్లల అన్నం. రోజీ ఇచ్చేవాడు అల్లాహ్ అని చెప్పడం సులభం. నిజం చెప్పి అమ్మేవాడి దగ్గరే, ఒక రూపాయి ఎక్కువైనా, కొనడం మన బాధ్యత.

ఆ సోదరికి చెప్పింది ఇది: మెసేజ్ చూసి మాత్రలు ఆపకండి, డాక్టరు చెప్పిన మోతాదు దాటకండి. బరువు తగ్గడానికి ఇలాంటి తీపి పదార్థాలను ఆశ్రయించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సలహా ఇచ్చింది. అయితే ఇప్పటికే షుగర్ ఉన్నవారికి ఆ సలహా వర్తించదని కూడా చెప్పింది. మిగిలినవారం, ముఖ్యంగా పిల్లలను పెంచేవారం, ఒక తీపికి బదులు మరో తీపి వెతకడం కన్నా నాలుకకు తక్కువ తీపిని అలవాటు చేయడం మేలు. భుజించేది హలాల్ కావడంతో పాటు తయ్యిబ్ (పరిశుద్ధం) కూడా కావాలని ఖుర్ఆన్ (అల్-బఖరా: 168) బోధిస్తోంది.

అల్లాహ్ మన నాలుకలకు సత్యాన్ని, మన చేతులకు సరైన కొలతను, మన దస్తర్‌ఖాన్‌లకు హలాల్, తయ్యిబ్ ఆహారాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.