ముందుగా లోపలికి వెళ్లినవాడు

చదువవలసిన వాక్యభాగములు: యోబు 28వ అధ్యాయము, హెబ్రీయులకు 2:14–15



మన డెల్టావారికి కొండలతో పరిచయము తక్కువ. మన కండ్లకు కనబడునవి వరిచేలు, కాలువలు, కొబ్బరితోటలు. గోదావరి గట్టే మన పిల్లలకు పెద్ద కొండ. అందుచేత మన సండేస్కూలు ఉపాధ్యాయులును స్త్రీల సమాజమువారును కలిసి బొర్రా గుహలు చూచి రావలెనని తలంచినప్పుడు నేను సంతోషముతో ఒప్పుకొంటిని. రాజమండ్రిలో రాత్రి రైలెక్కి విశాఖపట్నము చేరి, ఉదయమున కిరండూలు వెళ్లు బండిలో కూర్చుంటిమి. పులిహోర మూటలు, మంచినీళ్ల సీసాలు, నా బైబిలు, ఇదియే మా సామాను.

కొత్తవలస దాటి శృంగవరపుకోట మీదుగా బొడ్డవర వచ్చువరకు నేల ఇంచుమించు చదునుగనే యున్నది. అక్కడనుండి బండి కొండ నెక్కనారంభించెను. ఒక ప్రక్క నిలువైన రాయి, మరియొక ప్రక్క లోతైన లోయ, ఆ లోయలో చెట్ల తలలు మన కాళ్ల క్రింద. ఇంతలో కూత వినబడెను, వెంటనే చీకటి. పిల్లలు కేకలు వేసిరి. కొత్తవలస మొదలు కిరండూలు వరకు ఈ మార్గమున 58 సొరంగములున్నవి. మేము బొర్రా వరకే వెళ్లితిమి గనుక అన్నియు చూడలేదు. చూచినవాటినైనను లెక్కించుదమని ఇద్దరు కుర్రవాండ్రు పూనుకొని, లెక్కలు కుదరక కలహించుకొనిరి. ఆ తగవు నేటికిని తీరలేదు.

ఈ దారిని 1960లలో వేసిరి. బస్తరులోని బైలదిల్లా కొండలలో దొరకు ఇనుప ఖనిజమును విశాఖపట్నము రేవునకు దించి, ఓడలమీద జపాను దేశమునకు పంపుట దీని ఉద్దేశము. బొర్రాకు ఆవలనున్న శిమిలిగూడ స్టేషను సముద్రమట్టమునకు 996 మీటర్ల ఎత్తున నున్నది. యాత్రికుల కొరకు 2017 నుండి ఈ మార్గమున అద్దాల పెట్టెలు కూడ నడిపిరి. మేము మామూలు పెట్టెలోనే వెళ్లితిమి. గాలి బాగుగా తగిలెను.

నా ప్రక్కను మన సంఘములోని ఒక విధవరాలు కూర్చుండెను. ఆమె ఒక్కగానొక్క కుమారుడు రెండు సంవత్సరముల క్రిందట ప్రభువునందు నిద్రించెను. నాటినుండి ఆమె రాత్రివేళ ఇంటిలో దీపము ఆర్పదు. ఆరాధనకు వచ్చును గాని వెనుక వరుసలో కూర్చుండి, ప్రభురాత్రి భోజనమునకు ముందే లేచి వెళ్లిపోవును. ఆ సమాధి కార్యక్రమమున ప్రసంగించినవాడను నేనే. మరణము రైలు సొరంగమువంటిదనియు, కొంచెముసేపు చీకటి, ఆవల వెలుగు అనియు చెప్పితిని. అప్పటికి నేను సొరంగములో ఒక్కసారియైనను ప్రయాణము చేసినవాడను కాను. సెమినరీలో నేర్చుకొన్న ఉపమానమది. చెప్పుటకు తేలికగా నుండును.

మూడవదో నాలుగవదో సొరంగము దాటిన పిమ్మట ఆమె నన్నడిగెను: "అయ్యగారండీ, ఇది ఎవరు తవ్వేరండి?"

"రైల్వేవారమ్మా" అంటిని.

"ఆఫీసోళ్లు కాదండి. లోపలికెళ్లి తవ్వినోళ్లు ఎవరండి?"

"కూలీలమ్మా. ఎక్కడెక్కడివారో."

ఆమె మరల మాటలాడలేదు. ఇంకొక సొరంగము వచ్చెను. పెట్టెలో దీపము వెలుగుచునే యున్నను కిటికీ ఆవల కటిక చీకటి. బయటికి రాగానే ఆమె మెల్లగా ఇట్లనెను: "మనకైతే అవతల వెలుగుందండి. మొదట తవ్వినోడికి ఎదురుగా రాయే కదండి. మా అబ్బాయి సమాధి కాడ మీరు చెప్పింది బండిలో కూర్చున్నోళ్ల మాటండి."

కోపముతో అన్నమాట కాదు. నాకు జవాబు తోచలేదు. ఆమెకు జవాబివ్వకుండనే బొర్రా స్టేషనులో దిగితిని.

గుహలను గూర్చి విశేషముగా వ్రాయను. చూచినవారు మీలో ననేకులున్నారు. గోస్తనీ నది పుట్టుచున్న ఆ కొండలలో, నీరు సున్నపురాతిని కరిగించి అంత పెద్ద గదులను చేసినది. పైనుండి చుక్క చుక్కగా దిగిన నీటివలన రాళ్లు స్తంభములవలె పెరిగినవి. ఆ నదియే భీమునిపట్నము దగ్గర సముద్రములో కలియును. దారి ప్రక్కను వెదురు బొంగులలో కోడిమాంసము కాల్చి అమ్ముచుండిరి. నేను ఏ ప్రసంగము చేసినను, మా పిల్లలు జ్ఞాపకముంచుకొనునది ఆ బొంగు చికెనే యని యెరుగుదును.

మిగిలినవారు లోయవైపు నడిచి చూడబోగా నేను మెట్లమీద కూర్చుండి యోబు 28వ అధ్యాయము తెరచితిని. చాల దినములనుండి చదువని అధ్యాయము. ఇనుమును మంటినుండి తీయుదురని రెండవ వచనమే చెప్పుచున్నది! మనుష్యులు చీకటిలోనికి దీపము పట్టుకొని పోవుదురు. జనుల కాలిజాడ లేనిచోట వ్రేలాడుచు పని చేయుదురు. కఠినమైన రాతిమీద చెయ్యి వేసి కొండను మొదటంట పెల్లగింతురు. పైన నడచువారికి వారి సంగతియే తెలియదు. బైలదిల్లాను చూచి వ్రాసినట్లున్నది.

మనమును పైన నడచువారమే గదా. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైనది. కాటన్ దొరగారి విగ్రహమునకు దండలు వేయుచున్నాము. వేయవలసినదే, ఆయన చేసిన మేలు మన కంచములో నున్నది. గాని తట్టలతో మన్ను మోసినవారు, గోదావరి నీటిలో నిలువబడి రాయి పేర్చినవారు ఎవరు? వారిలో ఒక్కని పేరైనను మనము పలుకము. ఆ విధవరాలు అడిగినట్లు నేనెన్నడును అడుగలేదు.

యోబు గ్రంథము అంతటితో ఆగదు. కొండను తొలచిన మనుష్యుడు జ్ఞానమును మాత్రము ఏ గనిలోను కనుగొనలేకపోయెనని చెప్పుచున్నది. ఇనుము దొరకినది, రేవు చేరినది, ఓడ యెక్కినది. బిడ్డను పోగొట్టుకొన్న తల్లికి చెప్పవలసిన మాట మాత్రము ఆ గూడ్సుబండ్లలో రాలేదు. నా సెమినరీ పుస్తకములలోను లేదు.

సహోదరులారా, నేను ఆనాడు వెలుగును గూర్చి చెప్పితిని గాని తొలిచినవానిని గూర్చి చెప్పలేదు. నా తప్పు అదియే. మధ్యాహ్నమునుండి మూడు గంటలవరకు దేశమంతట చీకటి కమ్మెనని మార్కు 15వ అధ్యాయము చెప్పుచున్నది. ఆ చీకటిలో మన ప్రభువు తండ్రి తన్ను విడిచెనని కేకవేసెను. మూడవ దినమున లేతునని తానే ముందుగా చెప్పియుండెను గదా యని మీరడుగవచ్చును. నిజమే. అయినను ఆ కేకను తక్కువ చేయుటకు మనకు అధికారము లేదు. ఆయన బండిలో కూర్చుండి దాటినవాడు కాడు. ఎదురుగా రాయి యుండగా లోపలికి వెళ్లినవాడు. ఆయన మనవలె రక్తమాంసములు గలవాడై, మరణభయముచేత జీవితకాలమంతయు బానిసలైయున్నవారిని విడిపించుటకు మరణములోనికే దిగెనని హెబ్రీ పత్రిక బోధించుచున్నది. ఆ తల్లి కుమారుడు వెళ్లినది తొలువని రాతిలోనికి కాదు. అయితే చీకటి చీకటి కాదని నేనిక చెప్పను.

తిరుగు ప్రయాణమున ఈ మాటలే ఆమెతో చెప్పితిని, ప్రసంగమువలె కాక, తడబడుచునే. ఆమె అవుననలేదు, కాదనలేదు. లేచి కిటికీ ప్రక్క చోటికి మారెను. సొరంగము వచ్చినప్పుడెల్ల, పెట్టెలోని దీపపు వెలుగు పడి కదలిపోవుచున్న రాతిగోడను చూచుచుండెను. బొడ్డవర దాటిన పిమ్మట, "ఆ అధ్యాయం మా ఇంటి కాడ చదువుతారా అండి?" అని యడిగెను.

వచ్చే గురువారము సాయంకాలము స్త్రీల కూటము ఆమె ఇంటనే జరుగును. యోబు 28 మొదటినుండి చివరివరకు చదివెదము. ప్రొద్దుపోయిన తరువాత ఆ ఇంట దీపము వెలుగుచునే యుండును; ఆర్పుమని ఎవరును చెప్పవద్దు.