ఒకే పళ్లెం, ఇద్దరు అతిథులు: పనిచోట జాతి, సమన్యాయం, తనదనే భావం

ఉపోద్ఘాతం

నక్క కొంగను విందుకు పిలిచి వెడల్పాటి పళ్లెంలో పాయసం వడ్డించిన కథ తెలుగువారికి బాల్యంనుంచీ పరిచితమే. కొంగ తన వంతుగా సన్నని మూతి ఉన్న కూజాలో విందు పెట్టి బదులు తీర్చుకుంటుంది. చేసిన అపకారం తిరిగి తగులుతుందని చెప్పడానికి ఈ ఈసపు కథను ఉదాహరిస్తారు. 1971లో అమెరికా సుప్రీంకోర్టు ఒక ఉద్యోగ వివాదంలో తీర్పు చెబుతూ ఇదే కథను ప్రస్తావించి, వేరొక నీతిని గ్రహించింది. అందరికీ ఒకే నియమం వర్తింపజేస్తే న్యాయం జరిగినట్లేనా అన్న ప్రశ్నకు ఆ నీతి ఎంతవరకు సమాధానమిస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నియమం - ఫలితం

ఆ వ్యాజ్యం గ్రిగ్స్ వర్సెస్ డ్యూక్ పవర్. నార్త్ కరోలినాలోని డాన్ రివర్ విద్యుత్కేంద్రంలో అయిదు విభాగాలుండేవి. నల్లజాతివారిని కూలిపనుల విభాగంలో మాత్రమే నియమించేవారు. అక్కడి అత్యధిక వేతనం తక్కిన నాలుగు విభాగాలలోని అత్యల్ప వేతనంకన్నా తక్కువ. 1964 నాటి పౌరహక్కుల చట్టం ఉద్యోగాలలో జాతివివక్షను నిషేధించింది. ఆ నిషేధం అమలులోకి వచ్చిన 1965 జూలై 2నాడే సంస్థ కొత్త నిబంధన తెచ్చింది. కొత్తగా చేరేవారు కూలిపనుల విభాగం కాక మరే విభాగంలో ప్రవేశించాలన్నా హైస్కూలు చదువుతోపాటు రెండు పరీక్షలలో నెగ్గాలన్నది.

నిబంధనలో రంగు ప్రసక్తి లేదు. కాని 1960 జనగణన ప్రకారం ఆ రాష్ట్రంలో హైస్కూలు పూర్తిచేసిన శ్వేతజాతి పురుషులు 34 శాతం కాగా, నల్లజాతి పురుషులు 12 శాతమే. పాఠశాలలో జరిగిన అన్యాయం పనిచోట అర్హత పేరుతో మళ్లీ ప్రవేశించింది.

ప్రతిభను కొలవడం తప్పా అన్న ఆక్షేపణ ఇక్కడ సహజం. అది తేలికగా తోసివేయదగినది కాదు. విద్యుత్కేంద్రంలో అసమర్థుణ్ణి నియమిస్తే ప్రమాదం అందరికీ. అయితే నిబంధనకు ముందు చేరిన, హైస్కూలు పట్టాలేని ఉద్యోగులు ఆ విభాగాలలోనే సంతృప్తికరంగా పనిచేస్తూ వచ్చారు. అంటే ఆ కొలత ప్రతిభను కొలవలేదు. అందువల్లనే న్యాయస్థానం పనికి సంబంధం లేని పరీక్ష ఉద్దేశం ఏదైనా ఫలితంలో వివక్షాత్మకమైతే చెల్లదని ఏకగ్రీవంగా నిర్ణయించింది. నక్కకూ కొంగకూ ఒకే పాత్రలో పాలు పెట్టి సమానావకాశం ఇచ్చామనడం కుదరదన్నదే ఆ తీర్పులోని కథాసారం. సమానత్వానికీ సమన్యాయానికీ గల భేదం ఇక్కడ స్పష్టమవుతుంది. మొదటిది పాత్రను చూస్తుంది, రెండవది ఆకలి తీరిందా అని చూస్తుంది.

అతిథి - ఇంటివాడు

కాని పాత్రను మార్చినంత మాత్రాన అతిథి ఇంటివాడు కాడు. కథలో రెండు విందులలోనూ పాత్రను ఎంచుకునే అధికారం వడ్డించేవారిదే. అందుకే రెండవ విందు న్యాయం కాలేదు, ప్రతీకారమైంది. పనిచోట ‘ఇది నాది కూడా’ అనుకోగలగడానికి ప్రవేశం చాలదు, నియమాలను నిర్ణయించడంలో పాలు కావాలి.

తనదనే భావం మనసుకు సంబంధించినది, దానిని చట్టం ఎలా కల్పించగలదని అడగవచ్చు. భావాన్ని శాసించలేకపోవచ్చు గాని, ఎవరి అలవాటు ‘సహజం’గా చలామణి అవుతున్నదో ప్రశ్నించవచ్చు. జడలు కట్టిన కేశాలంకరణను నిషేధించే ఉద్యోగ నియమం జాతివివక్ష కిందికి రాదని, అది మార్చుకోగల విషయమని 2016లో ఒక అమెరికన్ ఫెడరల్ అప్పీళ్ల న్యాయస్థానం భావించింది. 2019లో కాలిఫోర్నియా రాష్ట్రం అటువంటి జుట్టుతీరును జాతిలక్షణంగా గుర్తించి రక్షణ కల్పించింది. మార్చుకోగలరా అన్నది ఒక ప్రశ్న. ఎప్పుడూ ఒకరే ఎందుకు మార్చుకోవాలన్నది అసలు ప్రశ్న. ఇతరుల కళ్లతో తనను తాను చూసుకోవలసి రావడాన్ని డబ్ల్యు.ఇ.బి. డుబాయ్ 1903లోనే ద్వంద్వ చైతన్యంగా నిరూపించాడు.

తెలుగు సాహిత్యానికి ఈ వేదన కొత్తది కాదు. జాషువ ‘గబ్బిలం’లో గుడిలోకి గబ్బిలానికి ప్రవేశముంది, సందేశం పంపే మనిషికి లేదు. శ్రమను లోపలికి పిలిచి మనిషిని గడప అవతల నిలిపే పనిచోటు స్వభావమూ ఇదే.

రెండు వైపులా నిలిచినవారు

‘వర్ణం’ అనే మాట తెలుగులో ఒంటిరంగునూ సామాజిక శ్రేణినీ రెండింటినీ సూచిస్తుంది. ప్రవాస జీవితంలో ఈ రెండర్థాలు ఒకేచోట ఎదురవుతాయి. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగర మండలి వివక్షా నిషేధ శాసనంలో కులాన్ని చేర్చింది. అమెరికాలో అలా చేసిన తొలి నగరం అదే. తెలుగువారితో సహా భారతీయ ఉద్యోగులు పెద్దసంఖ్యలో పనిచేసే ఆ నగరంలో, రంగు కారణంగా పరాయితనం అనుభవించే వ్యక్తే కులం కారణంగా మరొకరిని పరాయిని చేయవచ్చునన్న గుర్తింపు ఈ చేర్పులో ఉంది. బాధితుడు కావడం న్యాయవంతుడు కావడానికి హామీ కాదు. కొంగ విషయంలోనూ జరిగింది అదే.

ముగింపు

ఒకే నియమం న్యాయానికి ఆరంభం మాత్రమే. అది ఎవరిని ఆకలితో పంపుతున్నదో చూడటం సమన్యాయం. నియమం చేసేచోట వారికీ స్థానం ఉండటం తనదనే భావానికి ఆధారం. మొదటి రెంటినీ న్యాయస్థానాలు కొంతవరకు సాధించిపెట్టగలవు. మూడవది అధికారం ఉన్నవారు పంచుకుంటేనే సిద్ధిస్తుంది. ఆ పంపకం దయ అనిపించుకున్నంతకాలం అతిథి అతిథిగానే మిగులుతాడు.